‘డెడ్ స్పేస్’ ఆటలో ఒక సంఘం

‘డెడ్ స్పేస్’ అనే వీడియో గేమ్ పేరు మన పాఠకుల్లో చాలామంది పెద్దలు విని ఉండరు. ఇంట్లో కంప్యూటర్ ముందో ప్లేస్టేషన్ ముందో కూర్చునే కాలేజీ పిల్లవాడుంటే అడిగి చూడండి. తాను ఆడకపోయినా, ఎవరో ఆడుతుంటే యూట్యూబ్‌లో చూసి ఉంటాడు. 2008 అక్టోబరులో అమెరికాలో విడుదలైన ఈ ఆట 2023 జనవరిలో మొదటినుంచి మళ్లీ తయారై వచ్చింది. రెండుసార్లూ విమర్శకులు గట్టిగానే మెచ్చుకున్నారు. భయపెట్టే ఆటల్లో దీన్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు.

క్రైస్తవ పత్రికకు దీనితో పనేమిటని అడగవచ్చు. ఈ కథలో ఒక సంఘం ఉంది. దానికి ఒక ప్రవక్త ఉన్నాడు, ఆయన్ను హతసాక్షి అంటారు. కానుకలున్నాయి, హోదాలున్నాయి, మరణం తర్వాత అందరం ఏకమవుతామనే వాగ్దానం ఉంది. కథలో జరిగే ఘోరంలో చాలా భాగం ఆ సంఘం నమ్మకాల వల్లనే జరుగుతుంది. మన యౌవనస్థులు కొందరు ఉదయం ఆరాధనలో కూర్చుని రాత్రి ఈ కథలో తిరుగుతున్నారు. రక్తపాతం ఎక్కువగా ఉందని ఒక్క మాటతో కొట్టిపారేస్తే, వాళ్లు మన దగ్గర ఆ ఊసెత్తడం మానేస్తారు తప్ప ఆడడం మానరు. అందుకని ముందు ఆట ఏమిటో, విమర్శకులు దాన్ని ఎలా చదివారో చెప్పి, తర్వాత మా మాట చెబుతాం. కథ చివరిదాకా చెప్పక తప్పడం లేదు. ఇంకా ఆడవలసినవారు ఉంటే ఇక్కడే గమనించుకోవాలి.

కథాకాలం 26వ శతాబ్దం, 2508వ సంవత్సరం. భూమి మీద ఖనిజాలు అయిపోయాయి. మనుషులు వేరే గ్రహాలను ముక్కలుగా పగలగొట్టి, వాటి గర్భంలోని లోహాలు తెచ్చుకుంటున్నారు. ఆ పని చేసే ఓడల్లో పెద్దది ‘ఇషిమురా’. అది ఏజిస్ 7 అనే గ్రహం దగ్గర ఉండగా దానినుంచి కబురు ఆగిపోతుంది. ఏం పాడైందో చూడడానికి ఒక చిన్న మరమ్మతు బృందం వెళుతుంది. అందులో ఇంజినీరు ఐజాక్ క్లార్క్. సైన్స్ ఫిక్షన్ రచయితలు ఐజాక్ అసిమోవ్, ఆర్థర్ సి. క్లార్క్ పేర్లు కలిపి అతనికి పెట్టారు. ఐజాక్ ఆ ఓడకు వెళ్లడానికి ఇంకో కారణం కూడా ఉంది. అతను ప్రేమించిన నికోల్ ఆ ఓడలో డాక్టరు. ఆమె పంపిన వీడియో సందేశాన్ని దారిపొడుగునా పదేపదే చూసుకుంటూ ఉంటాడు.

ఓడలో మనుషులు దాదాపు ఎవరూ బతికి లేరు. చచ్చినవాళ్లు మాత్రం తిరుగుతున్నారు. శవాల ఎముకలు విరిగి, కండలు వేరే ఆకారంలోకి సాగి, ఆట భాషలో ‘నెక్రోమార్ఫ్’లుగా మారాయి. తలకు గురిపెట్టి కాల్చితే అవి ఆగవు, కాళ్లూ చేతులూ తెగ్గొట్టాలి. ఐజాక్ సైనికుడు కాడు కాబట్టి అతని చేతిలో ఉండేది రాళ్లు కోసే ప్లాస్మా కట్టర్. దీనంతటికీ మూలం ‘మార్కర్’ అనే మెలితిరిగిన స్తంభం. దగ్గరికి వచ్చినవాళ్ల మనసులో చనిపోయిన ఆత్మీయుల రూపాలు చూపించి పిచ్చెక్కిస్తుంది, చచ్చినవాళ్ల శరీరాలను లేపుతుంది. ఆ మార్కర్‌ను దేవుని సొత్తుగా ఎంచి కొలిచే మతం పేరు యూనిటాలజీ.

విమర్శకులు మొదట మెచ్చుకున్నది కథను కాదు, భయాన్ని కట్టిన తీరును. సాధారణంగా ఆటల్లో తెర మూలన ప్రాణం ఎంత మిగిలిందో, తూటాలు ఎన్ని ఉన్నాయో చూపే గీతలు, అంకెలు ఉంటాయి. ఇందులో అవేవీ లేవు. ఐజాక్ తొడుక్కున్న సూట్ వెన్నెముక మీద వెలిగే దీపాలే అతని ప్రాణం లెక్క. సామాను చూసుకుంటుంటే ఆట ఆగదు, వెనకనుంచి ఏదైనా రావచ్చు. శబ్దం విషయంలో దాదాపు అందరిదీ ఒకే మాట. ఓడ లోపల ఎక్కడో ఇనుము కిర్రుమంటుంది, గోడల వెనక ఏదో పాకుతుంది. గాలి లేని చోటికి వెళ్లగానే అవన్నీ ఆగిపోయి, ఐజాక్ శ్వాస ఒక్కటే వినిపిస్తుంది. 2009లో బ్రిటిష్ అకాడమీ ఈ ఆటకు శబ్దానికీ, జేసన్ గ్రేవ్స్ సమకూర్చిన సంగీతానికీ అవార్డులిచ్చింది. చీకటిని చూపించి భయపెట్టడం అందరూ చేస్తారు. నిశ్శబ్దంతో భయపెట్టడానికి పనితనం కావాలి. ఆ మేరకు విమర్శకుల మెప్పు న్యాయమే.

తప్పులూ పట్టారు. కథానాయకుడు అచ్చంగా మరమ్మతు పనివాడిలా ఒక చోటినుంచి ఇంకో చోటికి, ఇది బాగుచెయ్యి అది బాగుచెయ్యి అంటే తిరుగుతుంటాడని కొందరన్నారు. ఓడమీదికి వచ్చే ఉల్కలను ఫిరంగితో కాల్చే ఘట్టం చాలామందికి విసుగు పుట్టించింది. ‘ఏలియన్’, ‘ఈవెంట్ హొరైజన్’ సినిమాలూ, ‘రెసిడెంట్ ఈవిల్ 4’ ఆటా చూసినవారికి ఇందులో కొత్త ఏముందని అడిగినవారూ ఉన్నారు. ఆ అప్పును తయారీదారులు దాచుకోలేదు. 2023 ఆటలో ఐజాక్‌కు మాట వచ్చింది, నికోల్ పాత్ర పెరిగింది, ఉల్కల ఘట్టం మారింది. దానిమీద వినిపించిన ముఖ్యమైన అభ్యంతరం ఒక్కటే, పాతది ఇంకా బాగానే ఆడుతుండగా కొత్తది దేనికని.

మధ్యలో వచ్చిన రెండు భాగాల గురించి క్లుప్తంగా చెబుతాం. 2011లో వచ్చిన రెండోది శనిగ్రహపు చంద్రుడు టైటాన్ మీద కట్టిన నగరంలో జరుగుతుంది. దాన్నీ బాగా ఆదరించారు. 2013లో వచ్చిన మూడోదానిపై ఆదరణ తగ్గింది. భయం తగ్గి కాల్పులు పెరిగాయని, డబ్బు కట్టి వస్తువులు కొనుక్కునే ఏర్పాటు పెట్టారని విమర్శించారు. 2017లో ఆ స్టూడియోనే మూసేశారు. మొదటి ఆటకు సారథ్యం వహించిన గ్లెన్ స్కోఫీల్డ్ వేరే సంస్థలో చేరి, 2022 డిసెంబరులో ‘ది కలిస్టో ప్రోటోకాల్’ తెచ్చాడు. బృహస్పతి చంద్రుడి మీద ఒక జైలు, అవే శవాలు. చూడడానికి గొప్పగా ఉంది కానీ లోపల కథ పలచన, కొట్లాట ఒకే తీరు అన్నారు. ఆ మాటలో మాకు ఒక సంగతి కనిపించింది. రక్తం, చీకటి, శవాలు అన్నీ ఉన్నా ‘డెడ్ స్పేస్’లా అది మనసుకు పట్టలేదు. అందులో యూనిటాలజీ లేదు. జనాన్ని పట్టుకున్నది రక్తం ఒక్కటే కాదనడానికి ఇది ఒక ఆధారమని మా అభిప్రాయం.

ఇలాంటి కథలను ‘కాస్మిక్ హారర్’ అంటారు. దయ్యం కథలో దయ్యానికి మన మీద పగ ఉంటుంది, అంటే మనం దానికి లెక్కలోని మనుషులమే. కాస్మిక్ హారర్‌లో ఆ గౌరవం కూడా దక్కదు. విశ్వం అపారమైనది, అందులో మనకన్నా ఎంతో పెద్ద శక్తులున్నాయి, వాటికి మనం చీమలం. కాలికింద పడితే తొక్కుకుంటూ పోతాయి, కోపంతో కాదు, చూసుకోక. ఈ ధోరణికి ఆద్యుడిగా చెప్పుకొనేది అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్‌ను (1890–1937). ఆయన నాస్తికుడు. 1928లో అచ్చయిన ‘ది కాల్ ఆఫ్ క్తుల్హు’ కథలో సముద్రం అడుగున నిద్రపోతున్న ఒక భయంకర జీవి ఉంటుంది. దాన్ని దేవుడిగా కొలుస్తూ, అది లేచే రోజు కోసం ఎదురుచూసే భక్తులుంటారు. లేచాక తమ గతి ఏమవుతుందో వాళ్లకు అర్థం కాదు. ‘డెడ్ స్పేస్’ సంఘానికి తాతలు వాళ్లే.

యూనిటాలజీ విషయంలో ఆట తయారీదారులు చాలా వివరంగా పనిచేశారు. వాళ్ల ప్రవక్త మైఖేల్ ఆల్ట్‌మన్ ఒక శాస్త్రజ్ఞుడు. మెక్సికో తీరంలో చిక్షులూబ్ బిలం దగ్గర నల్ల మార్కర్‌ను కనిపెట్టినవారిలో ఒకడు. అది ప్రమాదమని లోకానికి చెప్పాలనుకున్నాడు. అతన్ని చంపేసి, అతని పేరుతోనే దాన్ని పూజించే మతం నిలబెట్టారు. కాదన్నవాణ్ణే ప్రవక్తను చేశారన్నమాట. ఈ భాగాన్ని 2010లో ‘మార్టిర్’ అనే నవలగా రాసినది బ్రయాన్ ఎవెన్సన్. ఆయన మోర్మన్ల విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, తన మొదటి పుస్తకంపై అభ్యంతరాలు రావడంతో అక్కడినుంచి బయటికొచ్చి, తర్వాత ఆ సంఘాన్నే విడిచిపెట్టిన రచయిత. సంఘం లోపలి భాష తెలిసిన చేయి అది, చదివితే తెలుస్తుంది.

ఇషిమురా కెప్టెన్, పై అధికారుల్లో కొందరు యూనిటాలజీ సభ్యులు. గ్రహం దగ్గరికి వెళ్లకూడదని ఆంక్ష ఉన్నా, మార్కర్ కోసం ఓడను అక్కడికి తెచ్చింది ఆ భక్తే. వాళ్లు ఎక్కించుకున్న మార్కర్ అసలుది కూడా కాదు. పాత ప్రభుత్వం రహస్యంగా తయారు చేయించిన నకలు. మనిషి చేసిన వస్తువు ముందు మనిషి సాగిలపడి, దానివల్ల చచ్చాడు. యెషయా 44వ అధ్యాయంలో ఒకే చెట్టు కట్టెలో సగం పొయ్యిలో పెట్టుకుని, మిగిలిన సగంతో దేవుణ్ణి చెక్కుకునే మనిషి గుర్తుకొస్తాడు. సెక్యులర్ ఆట ఆ ప్రవక్త పక్కన నిలబడడం విచిత్రమే.

యూనిటాలజీని చాలామంది విమర్శకులు సైంటాలజీకి ఎత్తిపొడుపుగా చదివారు. సైంటాలజీని సైన్స్ ఫిక్షన్ రచయిత ఎల్. రాన్ హబ్బర్డ్ 1950లలో మొదలుపెట్టాడు. డబ్బు కట్టి ఒక్కో మెట్టు ఎక్కే పద్ధతి అక్కడ ఉంది, యూనిటాలజీలోనూ ఉంది. పోలిక నిజమే. కానీ ఆ పేరు చెప్పుకుని మనం చేతులు దులుపుకుంటే సౌకర్యంగా ఉంటుంది, అంతే. హతసాక్షి, కానుక, ఏకమవడం, తిరిగి లేవడం, ఇవి మన నోట్లోని మాటలు. ఆట వాటిని మననుంచే అరువు తీసుకుంది.

ఐజాక్ తల్లి ఆక్టేవియా కథ దీనికి ముఖ్యం. ఆమె యూనిటాలజీ సభ్యురాలు. ఇంటి సొమ్మంతా సంఘానికిచ్చి పై హోదా కొనుక్కుంది. దాంతో కొడుకు చేరాలనుకున్న మంచి కాలేజీకి డబ్బు లేకపోయింది. రెండో భాగంలో ఐజాక్ టైటాన్ మీది యూనిటాలజీ మందిరం గుండా నడవవలసి వస్తుంది. అతని పగ అక్కడ అర్థమవుతుంది. శవాలు లేచే కథలో ఇదొక్కటే పూర్తిగా మామూలు సంగతి. ఇలాంటి ఇళ్లు మనకూ తెలుసు. స్వస్థత కోసమో, ఉద్యోగం కోసమో, ‘విత్తనం’ పేరుతోనో పిల్లల ఫీజు డబ్బు ఎవరి బ్యాగులోకో వెళ్లిన ఇళ్లు. ఆ ఇంట్లో పెరిగిన కుర్రవాడు ఈ ఆట ఆడితే, అతను చూసేది అంతరిక్షాన్ని కాదు, తన ఇంటిని. అతన్ని ‘లోకపు ఆటలు మానుకో’ అని గద్దిస్తే చాలదు. అతని అమ్మ దగ్గర తీసుకున్నదాని సంగతి ముందు తేల్చాలి.

విధవల ఇళ్లను దిగమింగే మతనాయకుల మీద ప్రభువే ఎంత కఠినంగా మాట్లాడాడో మార్కు 12లో చదువుతాం. ఆ వెంటనే విధవరాలి రెండు కాసుల సంగతి వస్తుంది. ఆ కాసులనే మన ప్రసంగాల్లో ఎక్కువగా వింటాం, దానికి ముందున్న గద్దింపు తక్కువగా వింటాం. ఆట చేసిన నిందలో ఈ భాగాన్ని మేము కాదనలేం.

రెండో నింద మరింత లోతైనది. మూడో భాగానికి వచ్చేసరికి మార్కర్ల వెనక ఎవరున్నారో బయటపడుతుంది. లెక్కలేనన్ని శవాలు ఒకటిగా కరిగి, చంద్రుడంత పెద్దవైన ఆకలిగొన్న జీవులు. యూనిటాలజీ చెప్పిన ‘ఏకమవడం’ నిజమే, కాకపోతే అది పరలోకం కాదు, ఆహారం కావడం. దేవుణ్ణి వెతికిన ప్రతి ప్రార్థనా ఒక నోటిలోకి దారి అని ఆ కథ అంటుంది. చాలామంది విమర్శకులు ఇక్కడ కళాపరమైన లోపం చూశారు. తెలియనిదాన్ని చూపించేస్తే భయం పోతుందన్నారు, అది సరైన మాటే. మేము చూసిన లోపం వేరు. ఈ కథ ‘పైన ఎవరూ మనల్ని పట్టించుకోరు’ అనే నమ్మకాన్ని కనుగొన్న సత్యంలా చూపిస్తుంది. నిజానికి అది కథ మొదలుపెట్టకముందే రచయితలు పెట్టుకున్న ఊహ. చంద్రుడికి పళ్లు వాళ్లే పెట్టారు, తర్వాత ‘చూడండి, చంద్రుడు కరుస్తున్నాడు’ అన్నారు.

విశ్వం పెద్దది, మనిషి చిన్నవాడు అన్న ఎరుక లవ్‌క్రాఫ్ట్‌తో పుట్టలేదు. 8వ కీర్తన ఆకాశాన్ని చూసి అడిగేది ఆ ప్రశ్ననే. యోబు గ్రంథం ఇంకా ముందుకు వెళుతుంది. పిల్లల్ని, ఆస్తిని, ఒంటిమీది ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబుకు 38వ అధ్యాయంలో దేవుడు జవాబిస్తాడు. అందులో ఓదార్పు మాటలు వెతికితే దొరకవు. కృత్తికలు, మృగశిర, మంచు నిలవలు, అడవి గాడిద, మన తెలుగు బైబిల్లో నీటిగుర్రం, మకరం అన్న మహా మృగాలు, ఇవన్నీ ఒక్కొక్కటే యోబు ముందు నిలుస్తాయి. మనుషులే లేని ఎడారిలో కూడా వాన కురిపించేది ఎవరని అడుగుతాడు. అంటే ఈ సృష్టి అంతా మన సౌకర్యం కోసమే కాదని బైబిలే చెబుతోంది. మన పాటల్లో, ప్రసంగాల్లో దేవుడు మరీ ఇరుగుపొరుగు మనిషిలా అయిపోయినప్పుడు, ఈ అధ్యాయాలు చదవని పిల్లలకు విశ్వపు విశాలత మొదటిసారి ఒక హారర్ ఆటలో ఎదురవుతోంది. వాళ్లు భయపడ్డారంటే ఆశ్చర్యమేముంది? యోబుకీ భయం వేసింది. తేడా ఏమిటంటే, ఆ సుడిగాలిలోనుంచి ఒకరు అతని ముందుకొచ్చి మాట్లాడారు. మార్కర్ మాత్రం సొంత గొంతుతో మాట్లాడదు, చనిపోయినవాళ్ల గొంతు వాడుకుంటుంది.

లవ్‌క్రాఫ్ట్ చనిపోయిన మరుసటి ఏడాది, 1938లో, ఇంగ్లండులో సి.ఎస్. లూయిస్ ‘అవుట్ ఆఫ్ ది సైలెంట్ ప్లానెట్’ అనే అంతరిక్ష నవల తెచ్చాడు. అందులో రాన్సమ్ అనే పండితుణ్ణి ఇద్దరు బలవంతంగా వేరే గ్రహానికి ఎత్తుకుపోతారు. అంతరిక్షం అంటే నల్లని, చల్లని, చచ్చిన ఖాళీ అని అతను చదువుకున్న కథలు చెప్పాయి. తీరా అక్కడికి వెళ్లాక వెలుగులో స్నానం చేసినట్టు ఉంటుంది. దీన్ని శూన్యమనడం పొరపాటని, పూర్వులు వాడిన ఆకాశమండలం అన్న మాటే సరైనదని అతనికి తోస్తుంది. వేరే గ్రహపు జీవులు రాక్షసులై ఉంటాయని భయపడినవాడికి, తనను ఎత్తుకొచ్చిన మనుషులే ఎక్కువ ప్రమాదమని తెలుస్తుంది. లూయిస్ కూడా ఊహతోనే మొదలుపెట్టాడు కదా అంటే, అవును. అతను దాన్ని దాచలేదు. ఈ రెండు ఊహలూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడదగినవి. మన యూత్ మీటింగుల్లో లూయిస్ పేరు వింటాం కానీ ఈ నవల చేతికిచ్చినవారు తక్కువ.

ఇక శరీరం సంగతి. శవాలు లేవడం అనే ఆలోచన పునరుత్థానానికి వెక్కిరింపు. నెక్రోమార్ఫ్‌లో శరీరం కదులుతుంది, ఆ మనిషి ఉండడు. యూనిటాలజీ ఆశించే ఐక్యతలో కూడా మనుషులు ఉండరు, అందరూ ఒకే ముద్దగా కరిగిపోతారు. మన విశ్వాసం చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. తోట దగ్గర మరియ ఆయన్ను గుర్తుపట్టింది ఆయన తన పేరు పెట్టి పిలిచినప్పుడు. గాయాలు అలాగే ఉన్నాయి, శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు. లేచినది ఆయనే. సంఘాన్ని పౌలు ఒకే శరీరమన్నాడు కానీ, 1 కొరింథీయులు 12లో కన్ను కన్నుగానే, చేయి చేయిగానే ఉంటుంది. ఒకదాన్ని మింగేసి ఇంకొకటి పెరగదు. ఈ తేడాను సరిగా బోధించని చోట, పిల్లలు పునరుత్థానం అంటే ఆత్మ ఎక్కడికో తేలిపోవడమనో, శవం లేచి నడవడమనో అనుకుంటారు. రెండూ తప్పే.

మూడో భాగంలో విలన్ జేకబ్ డానిక్ అనే యూనిటాలజీ నాయకుడు. భక్తి అంటే ఉన్మాదం అనే ఒకే రంగుతో గీసిన బొమ్మ, మాకు నచ్చలేదు. మొదటి భాగంలో డాక్టర్ కైన్ పాత్ర అంతకన్నా నిజాయితీగా ఉంది. అతనూ నమ్మినవాడే. కళ్లముందు జరిగినది చూసి, తాను నమ్మినది అబద్ధమని ఒప్పుకుని, మార్కర్‌ను వెనక్కి చేర్చి అంతా ఆపాలని తాపత్రయపడతాడు. అదే ఓడలో డాక్టర్ మెర్సర్ ఆ శవాల రూపాన్నే మనిషికి తర్వాతి మెట్టుగా కొలిచి, తనను తాను వాటికి అప్పగించుకుంటాడు. ఒకే బోధ విన్న ఇద్దరు మనుషులు. విమర్శకులు వీళ్లను అంతగా పట్టించుకోలేదు గానీ, ఆటలో మతం గురించి చెప్పిన మాటల్లో ఇదే పదునైనదని మేము అనుకుంటున్నాం.

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇవేవీ కాదు, మా అబ్బాయి ఆడవచ్చా అని. అమెరికాలో ఈ ఆటకు 17 ఏళ్లు దాటినవారికి అనే ముద్ర ఉంది, ఐరోపాలో 18. ‘కలిస్టో ప్రోటోకాల్’కైతే జపాన్ రేటింగ్ సంస్థ ఆమోదం దక్కక, అక్కడి విడుదలనే రద్దు చేసుకున్నారు. మన దేశంలో సినిమాకు ఉన్నట్టు ముందే చూసి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఆటలకు లేదు, కాబట్టి ఆ పని ఇంట్లోనే జరగాలి. 2023 ఆటలో దెబ్బ తగిలిన చోట చర్మం, కండ, ఎముక వరుసగా ఊడేలా ప్రత్యేకంగా తయారు చేశారు. 18 నిండనివారికి ఇది వద్దని మేము స్పష్టంగా చెబుతాం. నిండినవారిలోనూ, ఇటీవల ఇంట్లో చావు చూసినవారూ, ఆత్మహత్య ఆలోచనలతో పోరాడుతున్నవారూ దూరంగా ఉండడం మంచిది. కారణం కింద చెబుతాం.

అయితే కేకలు వేసి ఆపాలనుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. రెండో భాగం విడుదలకు ముందు ఆ సంస్థ ఒక ప్రచారం నడిపింది. సంప్రదాయ కుటుంబాలకు చెందిన రెండువందల మంది స్త్రీలను కూర్చోబెట్టి, ఆటలోని ఘోరమైన ఘట్టాలు చూపించి, వాళ్ల ముఖాల్లో అసహ్యాన్ని వీడియో తీసింది. ‘మీ అమ్మకు ఇది అసహ్యం’ అన్నదే వాళ్ల నినాదం. ఆ ప్రచారాన్ని చవకబారుదని చాలామంది తిట్టారు. కానీ లెక్క స్పష్టంగానే ఉంది. మన కోపాన్ని ముందే కొలిచి, డబ్బాకు అంటించి అమ్మారు. కోపం ఒక్కటే మన జవాబైతే, దాన్ని వాళ్లు ఎప్పుడో లెక్కలో వేసుకున్నారు.

నికోల్ సంగతి చెప్పలేదు. ఆట పొడుగునా ఆమె ఐజాక్‌కు కనిపిస్తుంది, తలుపులు తీస్తుంది, మాట్లాడుతుంది. చివర్లో ఆ మొదటి వీడియోను పూర్తిగా చూపిస్తారు. ఓడలో దారి లేని స్థితిలో ఆమె తన ప్రాణం తానే తీసుకుంది, ఐజాక్ అక్కడికి చేరకముందే. అతను చూసినదంతా మార్కర్ చూపించిన నీడ. 2008 ఆటలో పన్నెండు అధ్యాయాలున్నాయి. వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు వరుసగా పేరిస్తే ‘నికోల్ ఈజ్ డెడ్’ అని వస్తుంది. అంటే, నికోల్ చనిపోయింది. మొదటి అధ్యాయం నుంచీ ఆట ఆ మాట చెబుతూనే ఉంది. ఐజాక్ విననట్టే ఆడేవాడూ వినడు.

మొదటి ఆటకు నిజమైన బలం ఈ దుఃఖమేనని మా అభిప్రాయం. చాలామంది సమీక్షకులు దీన్ని చివరి మలుపుగా మెచ్చుకుని ముందుకెళ్లిపోయారు. పోయినవాళ్లను మళ్లీ చూడాలనే ఆశలోకి మార్కర్ దారి చేసుకుంటుంది. సౌలు ఏన్దోరుకు వెళ్లిన రాత్రి కూడా అలాంటిదే, భయంతో, ఒంటరితనంతో చనిపోయినవాడి మాట కోసం వెళ్లాడు. దావీదు కథ వేరు. బిడ్డ చనిపోయాడని తెలిశాక నేలమీదినుంచి లేచి, స్నానం చేసి, భోజనం అడిగాడు. వాడు తన దగ్గరికి రాడని, తానే వాడి దగ్గరికి వెళ్తానని అన్నాడు. చావును చావు అని ఒప్పుకునే ధైర్యం ఆ మాటలో ఉంది, ఆశా ఉంది. ఐజాక్‌కు ఆ రెంటిలో ఏదీ ఎవరూ ఇవ్వలేదు. అతని తల్లి సంఘం ఇవ్వలేదు, ఓడ ఎక్కించిన కంపెనీ ఇవ్వలేదు.

ఈ ఆట ఆడిన కుర్రవాడు మీ ఇంట్లోనో మీ సంఘంలోనో ఉంటే, రక్తం గురించి కాకుండా నికోల్ గురించి అడిగి చూడండి. ఆమె చనిపోయిందని నీకు ఎక్కడ అనుమానం వచ్చింది, ఐజాక్ ఎందుకు నమ్మలేదు అని అడగండి. అతను చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డుపడకండి.